గోడ మీద మా చిన్నాయన

మేం దూదేకులోళ్లం. నూర్ బాషాలంటారు, పింజారీలంటారు, లద్దాఫులంటారు. ప్రభుత్వం జాబితాలో బీసీ-బి కింద రాసుకుంది. ఊళ్లో మాత్రం సాయిబులమే. మా పెద్దలు దూది ఏకి పరుపులు కుట్టి బతికారు. మిషన్లు వచ్చాక ఆ దూదేకే విల్లు అటకెక్కింది. ఇప్పుడు కొందరం సెనక్కాయ చేన్ల మీద, కొందరం బెంగళూరు గోడల మీద, ఇంకొందరం గల్ఫు మీద ఆధారపడి బతుకుతున్నాం. మా ఇళ్లల్లో అమ్మీ, అబ్బా లేరు. అమ్మ, నాయన, జేజి, చిన్నాయన ఉన్నారు. ఏడ్చినా తెలుగే, తిట్టుకున్నా తెలుగే. నమాజులో చదివేవి అరబీలో నేర్చుకున్నాం. ఉర్దూ మాత్రం మాకు బస్టాండులో విన్న భాష.

మాది ఆమడగూరు. కదిరి పక్క. ఇంకొంచెం పోతే కర్ణాటక. ఊరి పేరులోనే ఆమడ వినిపిస్తుంది. ఆ ఆమడ దూరం మాకు రెండు వైపులా ఉంది. ఉర్దూ మాట్లాడే సాయిబులు మాతో వియ్యమందడానికి వెనకాడతారు. "వాళ్లకు కల్మా వస్తుందో రాదో" అంటారు. హిందువులు మా పేరు వినేదాకా బాగుంటారు. బెంగళూరులో బాడుగ ఇల్లు అడగబోతే మాట చక్కగా సాగుతుంది. మా తెలుగు విని మనోళ్లే అనుకుంటారు. పేరు చెప్పగానే, ఆ ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేశామంటారు. మా నోరు ఒక మతం, మా పేరు ఇంకొక మతం అయిపోయింది.

పీర్ల సావిడిలో మాత్రం మీరెవరని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మొహర్రం నెలపొడుపు కనిపిస్తే పీర్లు పెట్టెలోంచి బయటికి వస్తాయి. చింతపండుతో తోమి, దట్టీలు కట్టి, సావిడిలో నిలబెడతారు. ఆ పది దినాలూ ఊదు పొగ, బెల్లం షర్బత్, చక్కెర చదివింపులు. సావిడి ముందర గుండం తవ్వుతారు. గుండానికి కట్టె తోలేది ఒకరు, తప్పెట కొట్టేది ఒకరు, పీరు ఎత్తేది ఇంకొకరు. అందులో మేమూ ఉంటాం, బోయోళ్లూ ఉంటారు, మాదిగోళ్లూ ఉంటారు, రెడ్లూ ఉంటారు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరు లేస్తుందంటే ఎక్కడెక్కడి జనమో కదిలిపోతారు. అందుకే మా సీమ పల్లెల్లో కుళ్లాయప్ప అని పేరున్న మనిషిని, పేరును బట్టి ఏ మతమో చెప్పలేం. హుసేనప్ప, మస్తానప్ప, ఫక్కీరప్ప కూడా అంతే.

క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుసేనుకూ ఆయన పిల్లలకూ నీళ్లు అందనీయకుండా చేసిన కథను మా చిన్నాయన ఏటా చెబుతాడు. వాన కోసం మొగులు చూసే సీమలో ఆ దప్పిక గురించి వేరుగా వివరించాల్సిన పని లేదు. గొంతెండిన పిలకాయల మాట వచ్చేసరికి ఏ కులపు ఆడామె అయినా కొంగుతో కళ్లొత్తుకుంటుంది. మా చిన్నాయన ఆ సావిడికి ముజావరు. ఆయనకు చదువు రాదు. కథ మాత్రం తప్పిపోదు.

2023 జూలైలో, పీర్ల పండక్కు, బెంగళూరు నుంచి ఒక ఫోటోలాయన మా ఊరికి వచ్చాడు. రెండు దినాలు ఉన్నాడు. మా ఇళ్లల్లోనే అన్నం తిన్నాడు. మంచోడే. ఆడోళ్లను అడక్కుండా ఫోటో తీయలేదు. సరిగెత్తు రాత్రి గుండం చుట్టూ తిరిగి, మా చిన్నాయనను పీరు కింద నిలబెట్టి ఎన్నో ఫోటోలు తీసుకున్నాడు. పోయేటప్పుడు, "గ్యాలరీలో పెడతాం, మీరు తప్పకుండా రావాలి" అన్నాడు. మాటకు అన్నాడనుకున్నాం. నిజంగానే పిలిచాడు.

2024 జనవరి. ఆ నెల 22న అయోధ్యలో రామమందిరం ప్రాణప్రతిష్ఠ జరిగింది. బెంగళూరులో మేం ఉండే వీధిలో ఆటోలకూ అంగళ్లకూ కాషాయ జెండాలు. గోడలకు రంగులేసే మా తమ్ముడు ఆ వారమంతా పనికి పోయిన చోట తన పేరు సగమే చెప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే సగం చేసుకున్నాడు. ఆ వారం గడిచాక, ఒక శనివారం రాత్రి, మేం నలుగురం ఉతికిన చొక్కాలు తొడుక్కుని గ్యాలరీకి పోయాం. చిన్నాయన రాలేదు. "నా మొగం నేను చూసుకునేకి అంత దూరం యాల నాయనా" అన్నాడు.

గేటు దగ్గర కాపలా ఆయన మమ్మల్ని చూసి, "భోజనాల వాళ్లా? వెనక గేటు నుంచి రండి" అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు. ఆ పూట మా వయసు మగోళ్లు, మా రంగు మగోళ్లు లోపలికి పోయింది వెనక గేటు నుంచే. ఫోన్‌లో వచ్చిన పిలుపు చూపిస్తే నవ్వి వదిలాడు.

లోపల జనం. తిరునాళ్లంత జనం. రాత్రి ఎనిమిదికి పోయాం. పదయ్యేసరికి గోడలు కనిపించలేదు. చేతుల్లో గ్లాసులు, చిన్న చిన్న తిండి పళ్లేలు, ఒకరి మీద ఒకరు పడి నవ్వులు. ఎవరూ బొమ్మల దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. బొమ్మకు వీపు పెట్టి, ఎదుటి మనిషితో మాట్లాడుతున్నారు. మా తమ్ముడు మాత్రం గోడనే చూశాడు. "లప్పం రెండుసార్లు పెట్టినారు. గరుకు కాగితంతో బాగా రుద్దినారు. మూడు కోట్లు పడినాయి" అన్నాడు. అంతమందిలో ఆ గోడ వెనక చెయ్యి ఉందని గుర్తుపట్టింది వాడొక్కడే.

ఆ తెల్లటి గోడ మీద మా చిన్నాయన నిలువెత్తున ఉన్నాడు. గుండం వెలుగు మొహం మీద పడి, చేతులు పీరు కర్రను పట్టుకుని, కళ్లు సగం మూసుకుని. నిజం చెప్పాలంటే ఫోటో చాలా బాగుంది. మాకు గుండె నిండింది. మా ఇంట్లో ఆయన ఫోటో ఒకటే ఉంది. అదీ రేషను కార్డు కోసం తీసింది. ఇంత పెద్దగా, ఇంత గౌరవంగా మా మనిషిని ఎవరు చూపించారు? సినిమాల్లో మేం కనిపిస్తే కత్తులతో కనిపిస్తాం, లేకుంటే హీరోకు ప్రాణమిచ్చే స్నేహితుడిగా చచ్చిపోతాం.

తర్వాత పక్కనున్న అట్టముక్క చదివాం. ఇంగ్లీషులో ఉంది. మాలో చదువుకున్నోడు తెలుగులో చెప్పాడు. "ఒక భక్తుడు, అనంతపురం, 2023." అంతే. 2022 ఏప్రిల్ నుంచి మాది శ్రీసత్యసాయి జిల్లా. సరే, జిల్లా తప్పు పోనీ అనుకున్నాం. ఊరు లేదు. పేరు లేదు. అట్టముక్క అంచున ఒక ఎర్ర చుక్క మాత్రం ఉంది. అదేమని అడిగితే, అమ్ముడుపోయిందని గుర్తట. ధర విన్నాం. మా చిన్నాయనకు వానలు బాగా కురిసిన ఏడు సెనక్కాయ మీద మిగిలే దానికంటే ఎక్కువ.

ఫోటోలాయన మమ్మల్ని చూసి సంతోషపడి, చాలామందికి పరిచయం చేశాడు. "వీళ్లే ఆ ఊరివాళ్లు" అన్నాడు. ఒక తెలుగామె ఎంతో ప్రేమగా దగ్గరికి వచ్చింది. "మీరు ముస్లిములా? తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ" అంది. "అది మా ఇంటి భాషేనమ్మా" అన్నాం. "ఇదే కదా మన దేశానికి కావలసింది, ఈ కలిసిమెలిసి ఉండడం" అంది. ఆమె మంచి మనసుతోనే అంది. కానీ కలిసి ఉండడం అనేది మా ఫోటోలో మాత్రమే ఎందుకు ఉండాలి? ఆ హాల్లో పిలుపు మీద వచ్చిన మాలాంటోళ్లు ఎంతమంది ఉన్నారు? ఆ గోడ బయట మాకు ఇల్లు ఎందుకు దొరకదు?

ఇంకొకాయన ఉర్దూలో పలకరించాడు. మంచి షేర్వాణీ. మాకు జవాబు సరిగా రాలేదు. "ఉర్దూ నహీ ఆతీ?" అన్నాడు. రాదని తల ఊపాం. పటం వైపు చూసి, "యే సబ్ బిద్అత్ హై. మతంలో లేనిది. మీలాంటి అమాయకులను పట్టుకుని వీళ్లు ఇస్లాం అని చూపిస్తారు" అన్నాడు. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది. మా పేరు మీద ఎవరెవరో ఏదేదో చూపిస్తారన్నది నిజం. కానీ ఆయన కూడా మమ్మల్ని అడగలేదు. ఒకరు మమ్మల్ని అందమైన నమూనా అన్నారు. ఒకరు చెడిపోయిన నమూనా అన్నారు. పీరు కర్ర పట్టుకున్న ఆ మనిషి ఏమంటాడో వినాలని ఎవరికీ అనిపించలేదు.

నిర్వాహకుల్లో ఒక అమ్మాయిని అడిగాం. "ఆయన మా చిన్నాయన. ఆయన పేరు రాయండి." ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. పేరు పెడితే అది ఒక్క మనిషి ఫోటో అయిపోతుందట. పేరు లేకపోతే అందరిదీ అవుతుందట. "మరి తీసినాయన పేరు వాకిట్లో అంత పెద్దగా ఉందే, ఆయన అందరోడు కాదా?" అన్నాడు మా తమ్ముడు. పక్కనున్నోళ్లు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. మాట్లాడతానంది.

ఇది ఒక్క గ్యాలరీ సంగతి కాదు. మా సీమలో లేపాక్షి ఉంది. వీరభద్రస్వామి గుడి కప్పు మీద విజయనగర కాలపు బొమ్మలు చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గుడి కట్టించిన విరూపణ్ణ పేరు అందరూ చెబుతారు. తల వెనక్కి వాల్చి, మెడలు పట్టేసేలా ఆ కప్పు మీద గీసినోళ్ల పేర్లు మాకు ఎవరూ చెప్పలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలోళ్ల ఊరు. ఒకప్పుడు వాళ్లు తెర కడితే రాత్రంతా ఊరు కదిలేది కాదు. టీవీలు వచ్చాక ఆట తగ్గింది. ఆ చేతులే దీపాల బుడ్డీలకు తోలు గొడుగులు చేసి అమ్ముకోవలసి వచ్చింది. 2020లో అక్కడి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. ఒక పేరు బయటికి వచ్చిందంటే మాక్కూడా సంతోషమే. కానీ తోలుబొమ్మకు వెలుగు వెనక నుంచి రావాలి, దాన్ని ఆడించే చెయ్యి ఉండాలి. గోడకు కొట్టి ముందు నుంచి లైటు వేస్తే అది తోలు ముక్క. పీరు కూడా అంతే. అది ఎత్తితే పీరు. పదిమంది భుజాలు తగిలితే పీరు. గోడ మీద అది వెండి పంజా, ఇత్తడి పంజా.

ఆ రాత్రి మాకు మక్బూల్ ఫిదా హుసేన్ గుర్తుకొచ్చాడు. గ్యాలరీలన్నీ నెత్తిన పెట్టుకున్న హుసేన్ మొదట్లో బొంబాయిలో సినిమా హోర్డింగులకు రంగులేసినోడే. మా తమ్ముడిలాగే నిచ్చెన ఎక్కి బతికినోడు. రామమనోహర్ లోహియా మాట మీద, హైదరాబాదులో బద్రివిశాల్ పిత్తీ దగ్గర ఉండి రామాయణం బొమ్మలు గీశాడు. వాటిని ఎద్దుల బండ్ల మీద పల్లెలకు తీసుకుపోయి చూపించామని ఆయనే చెప్పుకున్నాడు. చదువురాని పల్లెజనం వాటిని చూసి ఏమీ అభ్యంతరం చెప్పలేదన్నాడు. అభ్యంతరం 1996లో వచ్చింది, ఎప్పుడో గీసిన బొమ్మల మీద. ఆ ఏడే అహ్మదాబాదులో ఆయన బొమ్మలున్న గ్యాలరీలో పడి ధ్వంసం చేశారు. 1998లో బొంబాయిలో ఇంటి మీద పడ్డారు. కేసుల మీద కేసులు. 2006లో దేశం విడిచిపోయాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆయన తప్పేమీ లేదని కేసులు కొట్టేసింది. అయినా తిరిగి రాలేకపోయాడు. 2010లో కతార్ పౌరుడయ్యాడు. 2011 జూన్ 9న లండన్‌లో చనిపోయాడు. ఆయన బొమ్మలు ఈ దేశపు గోడల మీద ఉన్నాయి, కోట్లకు అమ్ముడుపోతాయి. ఆయనకు మాత్రం ఈ నేలలో ఆరడుగులు దొరకలేదు. మా బొమ్మకూ మాకూ మధ్య ఇంత దూరం ఉండగలదని ఆయన చావు చూశాక తెలిసింది. అంత పేరున్నోడికే అట్లయితే, పేరు రాయని మా చిన్నాయన లెక్కేముంది?

అర్ధరాత్రి దాటింది. జనం పలచబడ్డారు. భోజనాల కుర్రోళ్లు గ్లాసులు ఏరుకుంటున్నారు. అందులో ఒకడు మా చిన్నాయన పటం ముందు ఆగి, అటూ ఇటూ చూసి, చేయి గుండెకు ఆనించుకుని సలాం చేశాడు. వాడిది ఏ ఊరో, ఏ కులమో. ఆ రాత్రి ఆ పటాన్ని పీరుగా చూసిన మనిషి వాడొక్కడే.

నెల తర్వాత ఆ అమ్మాయి ఫోను చేసింది. పేరు రాస్తామంది. "ఆధార్‌లో ఉన్న పేరా, ఊళ్లో పిలిచే పేరా?" అని అడిగింది. మా చిన్నాయనకు రెండు పేర్లున్నాయి. ఒకటి అరబీది, ఒకటి చివర అప్ప ఉన్నది. రెండూ రాయమన్నాం. కానీ అప్పటికే ప్రదర్శన అయిపోయింది. పటం కొన్నాయన ఇంటికి పోయింది. పుస్తకం వేస్తే అందులో రాస్తామంది. ఆ మాట కోసం ఆ అమ్మాయిని గౌరవిస్తాం.

ఊరికి పోయినప్పుడు చిన్నాయనకు అంతా చెప్పాం. ఫోన్‌లో ఆయన పటం చూపించాం. చాలాసేపు చూశాడు. అమ్మేశారని చెబితే బాధపడలేదు. "పోనీలే. ఎవురింట్లో పెట్టుకున్నారో. పీరు ముందర ఊదు ఏస్తారా?" అని అడిగాడు. మాకు జవాబు తోచలేదు. డబ్బులో వాటా అడగాల్సిందని మా తమ్ముడు అంటే, "పీరును అమ్ముకున్నాడని నన్నంటార్రా" అన్నాడు.

ఆయన పేరు ఈ వ్యాసంలో రాస్తామని అడిగాం. వద్దన్నాడు. "పుస్తకంలో వేస్తే మసీదుకాడ మాటలొస్తాయి నాయనా" అన్నాడు. ఇది కూడా చెప్పాలి. చెప్పకపోతే సగం చెప్పినట్టు. కొన్నేళ్లుగా మా పిల్లలు జమాతులకు పోతున్నారు. పీర్లు ఎత్తడం షిర్క్ అంటున్నారు. మసీదులో తమను మొదటిసారి పక్కన నిలబెట్టుకున్నారని, "పింజారోళ్లు" అనకుండా భాయి అన్నారని వాళ్లు పోతున్నారు. ఆ గౌరవం వాళ్లకు ఊళ్లో ఎవరిచ్చారు గనక, పోవద్దని అంటాం? ఇంకోపక్క పీర్ల పండగకు వచ్చే హిందూ కుర్రోళ్లలో కొందరు నుదుటన పెద్ద బొట్టుతో వచ్చి, ఇది మొదట మా దేవుడేనంటున్నారు. ఒకరు సావిడి మాది కాదంటారు, ఒకరు సావిడి మీది కాదంటారు. మధ్యన చిన్నాయన తన పేరు తానే దాచుకుంటున్నాడు. గ్యాలరీవాళ్లు పేరు తీసేసింది తెలియనితనంతో. ఆయన తీసేసుకున్నది భయంతో. పటం మీద చూస్తే రెండూ ఒకే రకంగా ఉంటాయి.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. మమ్మల్ని చూపించేవాళ్లు మమ్మల్ని ముందు పలకరించాలి. మా కలిసిమెలిసి బతకడం మీకు అంత నచ్చితే, దాన్ని కొని గోడకు తగిలించుకోవడంతో ఆగకండి. మీ వీధిలో ఒక ఇల్లు బాడుగకు ఇవ్వండి. మా మతం గురించి మాకు చెప్పాలనుకునేవాళ్లు మా భాష నేర్చుకుని రండి, తెలుగులో వాదించుకుందాం. ఓడిపోతే ఒప్పుకుంటాం. ఎవరి తీర్పు ఎట్లున్నా, తన పేరు బయటికి చెప్పాలో వద్దో మా చిన్నాయన భయం లేకుండా తేల్చుకోగలగాలి.

2025 జూలైలో సరిగెత్తు రాత్రి సావిడికి జనం తక్కువగానే వచ్చారు. గుండం తవ్వారు, తప్పెట్లు మోగాయి. పీరు ఎత్తడానికి చిన్నాయన చేతులు వణికితే ఒక బోయ అబ్బాయి కర్ర కింద భుజం పెట్టాడు. జమాతుకు పోయే మా పిల్లలు సావిడిలోకి రాలేదు. వీధి చివర నిలబడి షర్బత్ మాత్రం తాగారు. చిన్నాయన వాళ్లను చూసి, ఇంకో చెంబు కలపమన్నాడు.